మంట ఎలా ఉందమ్మా

ఈ కార్తీకంలో ఒక పొద్దున్న మా వంటింట్లో గ్యాస్ పొయ్యి మంట రంగు మారింది. సిలిండర్ అయిపోవచ్చిందో, బర్నర్‌లో తడి చేరిందో తెలియదు. పాలగిన్నె దించి ఆ మంట వైపు చూస్తూ నిలబడిపోయాను.

"ఏం చూస్తున్నావే అంతలా? మంట ఎప్పుడూ చూడనట్టు," అంది అమ్మ.

ఏం లేదన్నాను. కానీ నోటి చివరిదాకా ఒక మాట వచ్చి ఆగింది. "పసుపండి. పొట్టిగా ఉందండి. చివర ఊగుతోందండి." మంటను అలా చదివి చెప్పడం నాకు రెండేళ్ళ ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆ ఉద్యోగం మానేసి మూడేళ్ళయినా అలవాటు పోలేదు.

ఆ మధ్యాహ్నమే బాబాయ్ గారి కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు పొద్దున్న పోయేరండీ. మీకు తప్పకుండా కబురు చెయ్యమని ముందే చెప్పి ఉంచేరు. దినకార్యానికి రండి," అంది. నేను "ఆయ్" అన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పుడు నేను పనిచేసే స్కూలు ఆఫీసులో నా బల్ల ముందు కూర్చుని, అడ్మిషన్ రిజిస్టరులో ఒకే పేరు రెండుసార్లు రాశాను.

ఆయన నాకు బంధువు కారు, పనిచోట అందరూ ఆయన్ని బాబాయ్ గారనేవారు. కొత్తపేట దాటాక ఏటిగట్టు దిగువన ఒక రేకుల షెడ్డు ఉండేది. లేతు మెషీన్ల మీద తయారైన ఉక్కు సామాను, అంటే పళ్ళ చక్రాలు, ఇరుసులు, పిన్నులు, అక్కడికి వచ్చి గట్టిపడి వెళ్ళేవి. ఆ షెడ్డులో కొలిమి చూసే మనిషి ఆయన. నేను బీఎస్సీ కాగానే రిజిస్టర్లు రాయడానికి చేరాను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని అని చేరాను. నిజం అదే.

మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏం చదివేరండీ?" అన్నారు.

"కెమిస్ట్రీ అండి."

"అయితే గ్యాసంటే మీకు తెలుసు. నాకు తెలీదు. నాకు వాసన తెలుసు." తరువాత అడిగారు, "గారెకీ జంతికకీ తేడా చెప్పండి."

నేను నేల చూపులు చూశాను.

"రెండూ నూనెలోనే వేగుతాయి కదండీ. జంతిక లోపలిదాకా గట్టి. పంటి కింద పెడితే పుటుక్కున విరుగుద్ది. గారె పైన కరకర, లోపల మెత్తన. వంగుద్ది గానీ విరగదు. మనం చేసేది గారెలండీ. ఉక్కు గారెలు."

ఆ తరువాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేదు. కొలిమి అంటే భూమిలోకి దింపిన బావిలాంటిది. అందులో ఉక్కు ముక్కలు వేలాడదీసి మూత బిగిస్తారు. లోపల అంతా ఎర్రబడ్డాక పైనుంచి మెథనాల్ అనే స్పిరిటు చుక్కలు చుక్కలుగా పడుతుంది. పడగానే గ్యాసైపోతుంది. దానికి కాస్త వంటగ్యాస్ తోడవుతుంది. నాలుగు గంటలపాటు ఆ గ్యాస్‌లోని కార్బన్ ఉక్కు పైపొరలోకి ఇంకుతుంది. అప్పుడు తీసి నూనె తొట్టిలో ముంచితే, కార్బన్ ఇంకినంత మందాన ఉక్కు గాజులా గట్టిపడుతుంది. లోపలిది మెత్తగా, దెబ్బకు ఓర్చుకునేలా ఉండిపోతుంది.

చిక్కంతా గ్యాస్‌తోనే. అందులో పిసరు నీటి ఆవిరి చేరినా, మూత సందుల్లోంచి గాలి దూరినా, ఇవ్వాల్సిన కార్బన్‌ను ఆ గ్యాసే వెనక్కి లాక్కుంటుంది. ఈ సంగతి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో చదివి, చాలా ధైర్యం చేసి ఆయనకు చెప్పాను. ఆయన చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టారు.

"ఆ ముక్క పుస్తకంలో ఉందాండీ? అయితే ఆ రాసినాయనకి ఎక్కడో చెయ్యి కాలే ఉంటుంది."

నన్ను ఆయన "రిజిస్టరు గారూ" అని పిలిచేవారు. నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకని, "మా రిజిస్టరు గారి నోట్లోంచి మాట రావాలంటే తొమ్మిది వందల డిగ్రీలు కావాలండీ. ఉక్కే నయం," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. వాళ్ళు నవ్వేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఇంటికెళ్ళి ఆ మాట డైరీలో రాసుకునేదాన్ని.

కొలిమిలోకి దించే ముందు ప్రతి ముక్కనూ వేడినీళ్ళతో కడిగి, పాత లుంగీ గుడ్డతో తుడిచేవారు. తుప్పు గానీ జిడ్డు గానీ ఉంటే ఊరుకునేవారు కాదు. "ముఖం కడక్కుండా పిల్లకి అన్నం పెడతారాండీ?" అనేవారు. మెథనాల్ డ్రమ్ము ఏది వచ్చినా బిరడా తీసి, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని వాసన చూసేవారు. ఒకసారి మా ఓనరుగారు మెథనాల్ దొరకడం లేదని వేరే ఏదో ద్రవం తెప్పించారు. బాబాయ్ గారు వాసన చూసి డ్రమ్ముకు బిరడా బిగించేశారు.

"గంధకం కంపండీ. ఇది పీలిస్తే ఉక్కు మాట అటుంచండి, కొలిమికే జబ్బు చేసుద్ది."

"మీ ముక్కేమన్నా ల్యాబాండీ?" అన్నారు ఓనరుగారు విసుగ్గా.

"ల్యాబు కాకినాడలో ఉందండి. ముక్కయితే ఇక్కడే ఉంది."

ఆ డ్రమ్ము వచ్చిన వ్యానులోనే వెనక్కి వెళ్ళింది.

ఇంకో పట్టుదల ఉండేది. మెథనాల్ డ్రమ్ములు ఆరుబయట, గోడ పక్కన ఉండేవి. వాటిని నిలబెట్టనిచ్చేవారు కాదు. అడ్డంగా పడుకోబెట్టాలి, బిరడాలు రెండూ పక్కలకు ఉండాలి. నిలబెడితే పైమూత మీద వాన నీళ్ళు నిలుస్తాయి. ఎండకు డ్రమ్ము వేడెక్కి, వానకు చల్లబడినప్పుడు బిరడా సందులోంచి ఆ నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. నూనైతే నీళ్ళు వేరుగా అడుగున కనపడతాయి. మెథనాల్‌లో నీళ్ళు కలిస్తే వాసన మారదు, రంగు మారదు. "కలిసిందంటే బ్రహ్మదేవుడు కూడా విడదియ్యలేడండి," అనేవారు.

మరి లోపలి గ్యాస్ మంచిదో కాదో తెలిసేదెలా? కొలిమి మూత మీద బొటనవేలంత గొట్టం ఉండేది. వాడేసిన గ్యాస్ దానిలోంచి బయటికి వస్తుంది, దాన్ని వెలిగించి ఉంచుతారు. మంట జానెడు పొడవున, పసుపుపచ్చగా, ఊగకుండా నిలబడితే లోపల అంతా క్షేమం. పొట్టిదై నీలంగా పాలిపోతే గ్యాస్ చెడింది. నల్లపొగ వస్తే మసి ఎక్కువైంది.

అరగంటకోసారి ఆయన కొలిమి దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి అడిగేవారు:

"మంట ఎలా ఉందమ్మా?"

అందరినీ గారు అని పిలిచే మనిషి ఇలా అడిగేటప్పుడు మాత్రం అమ్మా అనేవారు. నేను పుస్తకంలోంచి తల ఎత్తి చెప్పేదాన్ని. "జానెడుందండి. పసుపండి. నిలకడగా ఉందండి." ఆయన తల పంకించేవారు. ఒక్కోసారి, "పసుపంటే ఏ పసుపు? అరటిపండా, బంతిపువ్వా?" అని రెట్టించేవారు. "బంతిపువ్వండి," అంటే వంటగ్యాస్ మర పిసరు తిప్పేవారు. నాకు పని నేర్పుతున్నారనుకున్నాను. నాలాంటిదానికి కూడా ఒక పెద్దమనిషి ఓపికగా విద్య నేర్పుతున్నాడని లోలోపల గర్వపడ్డాను. ఇంటికి వెళ్ళాక ఆ రోజు మంట ఎలా ఉందో డైరీలో రాసుకునేదాన్ని, కొందరు వానా ఎండా రాసుకున్నట్టు.

ఇంకో పరీక్ష కూడా ఉండేది. ప్రతి విడతలోనూ వేలెడంత నమూనా ముక్క ఒకటి వేసేవారు. మిగతావాటి మీద ఆకురాయి పెట్టి గీస్తారు, జారిపోతే పైపొర గట్టిపడినట్టు. కానీ ఆ పొర ఎంత మందమో ఆకురాయి చెప్పలేదు. దానికి నమూనా ముక్కను దాగలి మీద పెట్టి సమ్మెటతో విరగ్గొట్టాలి. విరిగినచోట అంచు చుట్టూ సన్నటి బూడిదరంగు గీత కనపడుతుంది. అది వేలిగోరంత మందం ఉంటే సరుకు బయటికి వెళ్తుంది. ఆ గీతను ఆయన పగటి వెలుగులోనే చూడాలనేవారు. ట్యూబులైటు కింద చూడ్డానికి ఒప్పుకునేవారు కాదు. "అంచు ఎంతుందమ్మా?" అని అదీ నన్నే అడిగేవారు. అది ఆ వృత్తి నియమం అనుకున్నాం అందరం.

నేను చేరిన రెండో ఏడు గోదావరి వరద మా షెడ్డులోకి మోకాలిలోతు వచ్చింది. పడుకోబెట్టిన డ్రమ్ములు తేలి దొర్లిపోతాయని, బాబాయ్ గారే దగ్గరుండి వాటిని నిలబెట్టించి, మోకులతో స్తంభాలకు కట్టించారు. ఏటిగట్టు దిగువన ఉన్నవాళ్ళు ఎవరైనా చేసే పనే. నీళ్ళు తీశాక బురద ఎత్తడం, మోటార్లు ఆరబెట్టడం, కరెంటు బోర్డు మార్చడం, ఒకదాని వెనక ఒకటి పనులు వచ్చిపడ్డాయి. గట్టితనం చూపించే మెషీను ఒకటుండేది, అది ఆ వరదతోనే పోయింది. డ్రమ్ములు స్తంభాలకు కట్టినవి కట్టినట్టే నిలబడి ఉన్నాయి. నేను రోజూ వాటి పక్కనుంచే నడిచాను.

తరువాత తుపాను కబురు వచ్చింది. కాట్రేనికోన వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి నలుగురు మనుషులు వ్యానులో వచ్చారు. వాళ్ళ పడవల్ని ఒడ్డు మీదికి లాగే చేతి యంత్రం ఒకటి ఉంది. పిడి పట్టుకుని తిప్పితే తాడు చుట్టుకుంటుంది. తాడు బిగువుకు అది వెనక్కి తిరిగిపోకుండా ఒక పళ్ళ చక్రం, ఆ పళ్ళకు అడ్డంపడే ఇనుప ముక్క ఒకటి ఉంటాయి. పాతవి అరిగిపోయాయట. కొత్తవి లేతు మీద చేయించి తెచ్చారు. "గట్టిచేసి ఈవేళే ఇప్పించండి బాబుగారండీ. రేపు రాత్రికి తుపానంట. పన్నెండు పడవలున్నాయి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. తలపాగా, నెరిసిన మీసం. పక్కన ఆయన కొడుకు, పాతికేళ్ళుంటాయి, షెడ్డంతా వింతగా చూస్తూ నవ్వుతూ తిరుగుతున్నాడు. నా బల్ల దగ్గర ఆగి, "ఇంత లావు పుస్తకం ఇనుప ముక్కల గురించేనాండీ?" అన్నాడు. నేను తల దించుకుని పేజీ తిప్పాను.

ఆ రోజు స్తంభాలకు కట్టి ఉన్న డ్రమ్ముల్లో కొత్తది ఒకటి తెరిచారు. సరుకు కొలిమిలోకి దిగింది. మొదటి గంటలోనే మంట తగ్గింది. జానెడుండాల్సింది బెత్తెడయింది. పసుపు పోయి, గొట్టం మూతి దగ్గర లేత నీలం, దాని పైన ఏ రంగూ లేదు.

బాబాయ్ గారు దానికి రెండు బారల దూరంలో నిలబడి ఉన్నారు. ఓనరుగారు, ఆ నలుగురు మనుషులు, పనివాళ్ళిద్దరు, అందరూ కొలిమి చుట్టూ ఉన్నారు.

"మంట ఎలా ఉందమ్మా?"

ఏడుగురు మగవాళ్ళు ఒక్కసారి నా వైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. మంట ఆయన ఎదురుగానే ఉంది కదా అనుకున్నాను. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి కనపడనిది నాకు కనపడుతుందా? వచ్చినవాళ్ళ ముందు నా చేత ఒక మాట అనిపిస్తున్నారంతే. పెద్దవాళ్ళు అడిగినప్పుడు ఎదురు చెప్పకుండా, వాళ్ళు వినాలనుకున్నది చెప్పడం మా ఇళ్ళలో మంచితనం.

"బాగానే ఉందండి," అన్నాను.

ఆయన తల పంకించారు. ఆ సాయంత్రంలోగా ఇంకో మూడుసార్లు అడిగారు. మొదట అన్నమాట కాదనడం ఎలాగో తెలియక మూడుసార్లూ అదే చెప్పాను. రిజిస్టరులో మంట అనే గడిలో "బాగుంది" అని రాశాను.

సరుకు నూనెలోంచి తీసి ఆరబెట్టాక ఆయన ఆకురాయి పెట్టి గీశారు. జారింది. ఇంకోచోట గీసి ఆగారు. "ఇక్కడ కాస్త పట్టినట్టుందేం?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"ఇంక ఇచ్చెయ్యండి," అన్నారు ఓనరుగారు.

"నమూనా ముక్క విరిచి చూడాలండి. ఈ మబ్బులో అంచు కనపడదు. పొద్దున్నే చూసి ఇస్తాను."

"నా ఫోన్ లైటు వేస్తాను, చూడండి."

"ఫోన్ లైటుకి ఉక్కు దొరకదండీ. పగటి వెలుగే కావాలి."

పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున్నదాకా ఆగితే పడవలుండవండి బాబుగారూ. అయ్యి పోతే మేం లేనట్టే."

బాబాయ్ గారు ఆకురాయిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టారు. అప్పుడు నా వైపు తల తిప్పారు. నేను రిజిస్టరులోకి చూస్తున్నాను. "మంట బాగుందన్నారు కదా అమ్మాయిగారు," అన్నారు. "తీసుకెళ్ళండి."

మరునాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆయన సమ్మెట పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముక్క విరిచి నా చేతిలో పెట్టారు. "అంచు ఎంతుందమ్మా?"

చుట్టూ ఎవరూ లేరు. "దారమంతండి," అన్నాను.

"దారమా?"

"కుట్టు దారమండి."

ఆయన సమ్మెట కింద పెట్టారు. నేరుగా వెళ్ళి డ్రమ్ముల మీద అరచెయ్యి వేశారు. పైమూత మీద, బిరడా చుట్టూ వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెయ్యి ఎత్తితే వేళ్ళ చివర్ల నుంచి కారాయి. "నేనే లేపించేను వీటిని," అన్నారు. "వరద తీసేక పడుకోబెట్టమని చెప్పలేదు." తడి చెయ్యి తుడుచుకుని, "నిన్న మంట ఎలా ఉందమ్మా?" అన్నారు.

"బెత్తెడండి. నీలంగా ఉందండి."

"ఎప్పట్నించి?"

"మొదటి గంట నుంచండి."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఓనరుగారిని పిలిచి, ఆ యంత్రం వాడొద్దని పల్లెకు ఫోన్ చేయించారు. అవతల నుంచి, "ఆయ్, ఆపేస్తామండి. ఇంకో నాలుగు పడవలే ఉన్నాయి," అన్నారట. ఓనరుగారు ఊపిరి పీల్చుకున్నారు. బాబాయ్ గారు మాత్రం గొడుగు తీసుకున్నారు.

"మీరు కూడా రావాలమ్మా," అన్నారు నాతో.

"ఆపేస్తామన్నారు కదండీ."

"మనూళ్ళో ఆయ్ అంటే విన్నామని. చేస్తామని కాదు."

అది నన్ను ఉద్దేశించి అన్నమాట కాదు. అయినా అమలాపురం దాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అమలాపురం బస్టాండులో తెలిసింది నన్నెందుకు రమ్మన్నారో. గాలి మొదలైంది, బస్సులు తక్కువగా ఉన్నాయి. ఇంతేసి ఎర్ర అక్షరాల బోర్డు పెట్టుకుని ఒక బస్సు మా ముందుకొచ్చి ఆగింది. ఆయన దానికి బారెడు దూరంలో నిలబడి అడిగారు:

"ఇది కాట్రేనికోనదేనా అమ్మా?"

అది రావులపాలెం బస్సు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. రెండేళ్ళలో అలా చూడటం అదే మొదటిసారి. నల్లగుడ్డు మీద కొబ్బరిపాలు ఒలికినట్టు ఉంది.

"ఏడాదిన్నరైందమ్మా," అన్నారు, నేను అడగకుండానే. "మంట ఉన్నట్టు తెలుసుద్ది. రంగు తెలీదు. శుక్లాలన్నారు డాక్టరుగారు. ఆపరేషనయ్యేక చాన్నాళ్ళు వేడి దగ్గరికి పోకూడదన్నారు. కొలిమి ఎవరు చూస్తారు? రేపూ మాపూ అంటా వాయిదా వేసేను." గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మీరున్నారు కదా అని."

మేం ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నమయింది. ఇసుక లేచి ముఖానికి కొడుతోంది. దూరంగా చేతి యంత్రం, దాని చుట్టూ మనుషులు. పదకొండు పడవలు సరుగుడు తోపు దగ్గరికి చేరిపోయాయి. పన్నెండోది వాలు మీద సగందాకా వచ్చి ఉంది. తాడు తీగలా బిగుసుకుని ఉంది.

"ఏం చేస్తన్నారమ్మా?"

"ఇంకా లాగుతున్నారండి."

"అరవండి. నా గొంతు అంత దూరం పోదు. పడవ వదిలెయ్యమనండి!"

నేను అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అలా అరవలేదు. ఎదురుగాలి నా అరుపును నా వెనక్కే తోసేసింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతూ పరుగెత్తాను. ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. పిడి తిప్పుతున్నది పెద్దాయన కొడుకు. అతను నా వైపు చూడటం కనపడింది. ఆ తరువాత పిడి కనపడలేదు. అది వెనక్కి గిర్రున తిరిగిపోయింది, పడవ సముద్రం వైపు జారిపోయింది. పిడి దెబ్బకు అతను కింద పడి ఉన్నాడు.

అమలాపురం ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. చక్రం పళ్ళు చూశాను. పైన గుడ్డు పెంకులా పగిలి, లోపల ఉక్కు మైనంలా వంగి ఉంది.

పోలీసాయన వచ్చి అడిగినప్పుడు ఆసుపత్రి వరండాలో ఓనరుగారున్నారు, పెద్దాయన ఉన్నాడు, నేనున్నాను. "గట్టిపడిందని చూసి పంపించింది ఎవరు?" అన్నాడు పోలీసాయన.

"నేనేనండి," అన్నారు బాబాయ్ గారు. "మంట చూసింది నేను. ఇచ్చింది నేను."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డంపెట్టారు. "ఈ అమ్మాయిగారు రిజిస్టరు రాసుకునే మనిషండి. కొలిమి సంగతి తెలీదు." నేను నోరు మూసుకున్నాను. అది కూడా నేను చేసిన పనే.

కొన్నాళ్ళకు షెడ్డు మూతపడింది. ఆయన మామిడికుదురు దగ్గర కూతురింటికి వెళ్ళిపోయారు. కేసు నడిచినంతకాలం ఆయన చెప్పింది అదే ముక్క. కళ్ళకు ఆపరేషన్ చేయించుకోమని ఎంతమంది చెప్పినా చేయించుకోలేదు. ఒక్కసారే వెళ్ళి చూశాను. అప్పటికి పూర్తిగా చూపు పోయింది. పెరట్లో కుర్చీలో కూర్చుని, చేతిలో పాత ఆకురాయి పట్టుకుని బొటనవేలితో దాని పళ్ళు తడుముకుంటున్నారు.

"ఆ పెద్దాయన వాళ్ళకు చెబుతానండి. మంట చూసింది నేనేనని," అన్నాను.

"మీరు అబద్ధం చెప్పలేదమ్మా. నేను చూస్తున్నాననుకున్నారు. నేను చూస్తున్నట్టు నిలబడ్డాను." ఆకురాయిని చేతిలో తిరగేసి పట్టుకున్నారు. "ఆ డ్రమ్ములో నీళ్ళలాగే. కలిసిపోయేక ఏది ఎంతో ఎవరు తేలుస్తారు?"

"అయినా చెప్పాలి కదండీ."

"నేను పోయేక చెప్పుకోండి," అన్నారు. ఆకురాయి ఒళ్ళో పెట్టుకుని, "ఈవేళ మీ ఇంట్లో పొయ్యి మంట ఎలా ఉంది?" అన్నారు.

దినకార్యానికి వెళ్ళాను. పెరట్లో చిన్న పందిరి వేశారు. భోజనాలకు లేస్తున్న వేళ, నూతి గట్టు దగ్గర చేతులు కడుక్కుంటూ ఆ పెద్దాయన కనపడ్డాడు. మీసం పూర్తిగా తెల్లబడింది. నేను బాబాయ్ గారి కూతురి వైపు చూశాను. "ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేవారండి," అంది ఆమె నెమ్మదిగా. "ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారు కాదు. ఆ కుర్చీ పక్కన కూర్చుని వెళ్ళిపోయేవారు."

నేను నూతి దగ్గరికి నడిచాను. ఇంటి దగ్గర మూడుసార్లు రాసి చదువుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ రోజు కొలిమి మంట చూసింది నేనండి," అన్నాను. "ఆయనకప్పటికే కళ్ళు కనపడటం లేదు. నన్ను అడిగారు. మంట బాగాలేదు. బాగుందని చెప్పాను."

ఆయన చెంబు గట్టు మీద పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

"తవరు ఆ రోజు ఇసకలో పరిగెత్తుకొచ్చిన అమ్మాయిగారు కదండీ?"

"అవునండి."

"అరిచేరాండీ?"

"అరిచానండి."

"మాకు ఇనపడలేదండి. చేతులు ఊపడం కనపడింది. మావోడు తలెత్తి చూసేడు. 'నాన్నా, ఆ రిజిస్టరు గారు మనకి టాటా చెబుతున్నారు' అని నవ్వేడండి. ఆ నవ్వుతా ఉండగానే పిడి జారింది."

తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. పందిరి కింద విస్తళ్ళు వేస్తున్నారు. ఆయన వెళ్ళి వరుస చివర కూర్చున్నాడు. తన పక్కన ఉన్న విస్తరిని నా కోసం కొంచెం ఇవతలికి జరిపాడు.

"రండమ్మా," అన్నాడు. "అన్నం చల్లారిపోద్ది."